హుఫూఫ్ ఇంట్లో పూల బల్ల

సౌదీలో హుఫూఫ్ అనే ఊళ్ళో నేను పనిచేసే ఇంటి మేడమ్‌కి తేనీటి విందులంటే మహా ఇష్టం. ఆవిడ ఆడపిల్లల బడిలో టీచరు. వారంలో ఒక రోజు సాయంత్రం చేసే అసర్ నమాజు అయ్యాక తోటి టీచర్లు, చుట్టాలు, చిన్ననాటి స్నేహితురాళ్ళు ఓ పది పన్నెండు మంది వచ్చేవారు. తాగేది టీ, గావా అనే అరబ్బీ కాఫీ. అయినా ప్రతిసారీ దానికో థీమ్ ఉండాలి. ఒక వారం అంతా నిమ్మపండు రంగు. ఇంకో వారం సముద్రం. పరీక్షలు అయిపోయిన వారం పలకలు, సుద్దముక్కలు, వాటి మధ్య తెల్ల చామంతులు. బల్ల మీద పరిచే గుడ్డ దగ్గర్నుంచి కేకు మీద పూత దాకా ఆ రంగే కనిపించాలి. పూలు లేని బల్లని మాత్రం ఆవిడ బల్లే అనేది కాదు.

నన్ను తెచ్చుకున్నది వంటకీ, ఇల్లు తుడవడానికీ. పూల పని ఆవిడే చేసుకునేది. ఒకసారి విందు ముగిశాక బల్ల సర్దుతూ, విరిగిపోయిన చిన్న చిన్న పూలని ఊరికే పారెయ్యబుద్ధి కాక, కుట్టుదారంతో దండ కట్టేశాను. చేతులు వాటంతటవే ఆ పని చేసుకుపోయాయి. వెనక నుంచి మేడమ్ చూసింది. నీకిది ఎలా వచ్చని అడిగింది. మా ఊళ్ళో మా పనే ఇది అని నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో చెప్పాను.

మాది కోనసీమలో కాలవ పక్కన ఊరు. పెళ్ళికి ముందు మా అమ్మతో, పెళ్ళయ్యాక మా అత్తతో కలిసి మాలలు కట్టేదాన్ని. మల్లె, కనకాంబరం, చామంతి, మరువం, ఏ కాలంలో ఏవి వస్తే అవి. పెళ్ళివారు, గుడివారు ముందే చెప్పి వెళ్ళేవారు. అరుగు మీద తడిగుడ్డ పరుచుకుని కూర్చుంటే మాటల్లోనే మూరలకి మూరలు తయారైపోయేవి.

ఆ పై వారం మేడమ్ బల్ల మొత్తం నాకు వదిలేసింది. గులాబీ రంగు థీమ్. నేను పెళ్ళిపందిరి గుర్తు చేసుకుని బల్ల చుట్టూ దండలు వేలాడదీసి, నడిమధ్య గులాబీల్ని గుట్టగా పోశాను. చూసి ఆవిడ నవ్వేసింది. ఎగతాళిగా కాదు. నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, తను ఎదుటి కుర్చీలో కూర్చుని, నేను కనబడుతున్నానా అని అడిగింది. గులాబీల వెనక ఆవిడ నుదురు మాత్రమే కనబడింది. వీళ్ళందరూ వచ్చేది ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి అని చెప్పింది. ఇద్దరం కలిసి ఆ గుట్టని విప్పాం. సగం పూలు తీసేస్తే మిగిలినవి అందంగా కనబడతాయన్నది నాకు అప్పటిదాకా తెలియని సంగతి. పూలు గుచ్చే ఆకుపచ్చ స్పాంజిని నీళ్ళలోకి నొక్కకూడదనీ, దానంతటది మునిగే దాకా ఆగాలనీ, ఏలకుల గావా పెట్టేచోట ఘాటు వాసన పూలు పెట్టకూడదనీ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆవిడ నా దగ్గర దండముడి నేర్చుకుంది. ఎప్పుడూ వదులుగానే వేసేది. అతిథులకి మాత్రం తనే కట్టానని గొప్పగా చూపించేది.

అలా వారం వారం నా చేతుల నిండా పూలే. మిగిలినవి నీ గదిలో పెట్టుకో అని మేడమ్ ఇచ్చేసేది. నీళ్ళసీసాలో పెట్టి కిటికీ దగ్గర ఉంచేదాన్ని. తలలో మాత్రం పెట్టుకునేదాన్ని కాదు.

మా ఆయన కొబ్బరికాయల లారీ నడిపేవాడు. కామెర్లు వచ్చి, నాటు మందు వాడుతూ ఆలస్యం చేసి, చివరికి కాకినాడ ఆస్పత్రిలో పోయాడు. మా పాప అప్పటికి మూడో తరగతి. పదో రోజున వాళ్ళూ వీళ్ళూ చేరి నా తలలో పూలు తీసేశారు. అది తెలిసినదే. ఊళ్ళో ఎవరికి జరిగినా చూస్తూ ఉన్నదే. నేను అనుకోనిది ఇంకొకటి జరిగింది. మా వీధిలో ఒకావిడ, ఏళ్ళ తరబడి మా అరుగు మీదే మాలలు కట్టించుకున్నావిడ, కూతురి పెళ్ళికి మాలలు వేరే ఇంట్లో చెప్పుకుంది. నీమీద కోపం లేదమ్మా, శుభమా అని పెళ్ళి చేసుకుంటున్నాం కదా అని ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్ళింది. ఆవిడ మంచిదే. ఆ మంచితనం ముందు నేను కోపమైనా తెచ్చుకోలేకపోయాను. తర్వాత ఒక్కొక్కరూ తగ్గారు. మా అత్త కూడా భర్త పోయిన మనిషే కానీ, ఇంట్లో కొడుకూ కోడలూ ఉండగా ఆవిడ చేతి మాలలకి ఎవరూ వంక పెట్టలేదు. ఇప్పుడు ఇద్దరం ఒకటే అయ్యాం. తడిగుడ్డ మడతపెట్టి అటక మీద పడేశాం. ఆ పైయేడు పాపని అత్త దగ్గర వదిలి నేను సౌదీ వచ్చేశాను.

అందుకే ఈ ఇంట్లో ఎవరూ ఏమీ అడక్కుండా పూలబుట్ట తెచ్చి నా ముందు పెట్టడం నాకు ఎంత ఊరటో మేడమ్‌కి తెలియదు. నేనూ చెప్పలేదు.

ఈ ఇంట్లో మేడమ్ అత్తగారు ఉన్నారు. ఇంట్లో అందరూ ఆవిణ్ణి యుమ్మా అని పిలుస్తారు, అంటే అమ్మా అని. నేనూ అలాగే పిలుస్తాను. కింది అంతస్తులో వెనక వైపు గదిలో ఆవిడా, ఆవిడ భర్తా ఉండేవారు. ముందు చిన్న వరండా, దాని ముందు మూడు ఖర్జూరం చెట్లు, ఒక నిమ్మచెట్టు. ఆ పెద్దాయన పొద్దున్నే ఊరి బయట తోటకి వెళ్ళి వచ్చేవాడు. ఒక చలికాలం ఉదయం అలా వెళ్ళి తోటలోనే కూలబడి పోయాడు.

ఓదార్పుకి వచ్చేవాళ్ళ రాకపోకలు అయిపోయాక ఇల్లు చప్పబడింది. విందులు ఆగిపోయాయి. యుమ్మా ఇద్దాలో కూర్చుంది. భర్త పోయిన ఆడది నాలుగు నెలల పది రోజులు గడప దాటకుండా, అత్తరు పూసుకోకుండా, గోరింట పెట్టుకోకుండా, కాటుక, నగ, మెరిసే బట్ట లేకుండా ఉండాలి. దాన్నే ఇద్దా అంటారు. ఆవిడకి కావలసినవన్నీ చూడమని మేడమ్ నన్ను కింది గదికి మార్చింది.

మొదట్లో ఆవిడ మాట్లాడేది కాదు. నేను పాలు ఇచ్చి, కాళ్ళకి నూనె రాసి, పక్కన కూర్చునేదాన్ని. అలాంటి ఇంట్లో ఎలా కూర్చోవాలో నాకు తెలుసు. తినమని బతిమాలకూడదు, పోయినాయన పేరెత్తకుండా దాటెయ్యకూడదు. కొన్నాళ్ళకి ఆవిడే మాట్లాడ్డం మొదలుపెట్టింది. ఆయనకి టీలో పంచదార ఎంత కావాలో, తోటలో ఏ చెట్టంటే ఇష్టమో చెప్పేది. సగమే అర్థమయ్యేది నాకు. మిగతా సగం ఆవిడ చేతులు చెప్పేవి.

ఒక మధ్యాహ్నం, నీ మొగుడు ఎలా పోయాడని అడిగింది. చెప్పాను. వెంటనే ఇంకో మాట అడిగింది.

"మరి మీ దగ్గర ఇద్దా ఎన్ని రోజులు?"

నాకు మాటలు వెతుక్కోవలసి వచ్చింది. "మా ఫీ ఖలాస్," అన్నాను. అయిపోవడం అంటూ లేదు అని.

నాకు ప్రశ్న అర్థం కాలేదనుకుంది. వేళ్ళు ముడిచి చూపిస్తూ, ఇన్ని నెలలు అయ్యాక స్నానం చేసి, గోరింట పెట్టుకుని, అత్తరు రాసుకుని బయటికి రావడం, అదెప్పుడు అని మళ్ళీ నిదానంగా అడిగింది. నేను మళ్ళీ అదే చెప్పాను. నాకొచ్చిన అరబ్బీలోనే, పువ్వు తలలో పెట్టుకోవడం లేదు, ఎప్పటికీ లేదు అన్నాను.

ఆవిడ నా తల వంక చూసింది. రెండేళ్ళ నుంచి వారం వారం పూలలో చేతులు ముంచి తీస్తున్న మనిషిని అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూసింది.

"ఎవరు చెప్పారు అలాగని?"

"అందరూ," అన్నాను.

ఆవిడ నా చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుని, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు పిలుపు వినబడే దాకా అలాగే కూర్చుంది.

ఎండలు ముదిరాక ఇద్దా తీరే రోజు దగ్గరపడింది. మేడమ్‌కి మళ్ళీ ఉత్సాహం వచ్చింది. అత్తగారి కోసం పెద్ద విందు చెయ్యాలని ఆడబిడ్డలతో కలిసి అనుకుంది. తెలుపు, ఆకుపచ్చ థీమ్. పాతకాలపు హుఫూఫ్ ఇల్లులా ఉండాలట. ఇక్కడ రాజ్గీ అనే పువ్వు ఉంది. అది మన మల్లే. మష్మూమ్ అనే ఆకు ఉంది, కొంచెం తులసి, కొంచెం మరువం కలిసినట్టు వాసన. వెనకటి రోజుల్లో ఇక్కడి ఆడవాళ్ళు ఆ రెండూ కలిపి జడలో పెట్టుకునేవారట. పెద్ద హాల్లో పొడుగు బల్లలు వేసి, నలభై మందిని పిలిచి, రెండు వైపులా నిలువెత్తు పూలస్తంభాలు పెట్టాలని ఫోన్లో బొమ్మలు చూపించింది.

ఆ మాట యుమ్మా చెవిన పడ్డ రోజు ఆవిడ అన్నం ముట్టలేదు. సాయంత్రం నాతో మెల్లగా చెప్పింది. "వాళ్ళు కేలండరు చూసి అయిపోయిందంటున్నారు. నాకింకా ఆయన చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంది. నలభై మంది నన్ను చూస్తూ ఉంటే నేను నవ్వాలా?"

నాకు చిత్రంగా అనిపించింది. నాకు ఎప్పటికీ లేదన్నది ఆవిడకి అప్పుడే వద్దనిపిస్తోంది. ఆవిడ మీద ఈర్ష్య కలగలేదు. ఇద్దరినీ అడక్కుండానే ఎవరో లెక్క కట్టారు, అంతే.

మేడమ్‌తో చెప్పాలా వద్దా అని చాలా మథనపడ్డాను. పనిమనిషి అత్తాకోడళ్ళ మధ్యన దూరితే వ్యవహారం ఎక్కడికి పోతుందో తెలియదు. చివరికి పూలు ఎన్ని చెప్పాలో మాట్లాడుకుంటున్నప్పుడు చెప్పేశాను. "మేడమ్, అంత పెద్ద బల్ల వెనక యుమ్మా కనబడదు."

మేడమ్‌కి అర్థమైంది. మొహం ఎర్రబడింది. అత్తగారి సంతోషం కోసమే కదా ఇదంతా అని గట్టిగానే అంది. ఫోను తీసుకుని పైకి వెళ్ళిపోయింది. తర్వాత రెండు రోజులు నాతో పనిమాట తప్ప మాట్లాడలేదు. మూడో రోజున కిందికి వచ్చి, అత్తగారి మంచం మీద కూర్చుని చాలాసేపు మాట్లాడింది. నేను వంటింట్లో ఉన్నాను, ఏం మాట్లాడుకున్నారో వినలేదు. బయటికి వచ్చేసరికి మేడమ్ కళ్ళు తడిగా ఉన్నాయి. వరండాలో వేద్దాం, ఇంటివాళ్ళమూ, యుమ్మా చెల్లెళ్ళూ మాత్రమే అని చెప్పింది. స్తంభాలు మానేద్దాం అని తనే అంది. మామగారు పోయినప్పటి నుంచి తను ఏదో ఒకటి చేస్తూ ఉండకపోతే ఊపిరాడటం లేదని, అందుకే పెద్దగా అనుకున్నానని కూడా చెప్పింది.

ఆ రోజు పొద్దున డ్రైవరు సంతలో నుంచి తాటాకు బుట్టల్లాంటి చిన్న ఖర్జూరపాకు బుట్టల్లో రాజ్గీ మొగ్గలు, కట్టలు కట్టలుగా మష్మూమ్ తెచ్చాడు. మధ్యాహ్నం ఏసీ గదిలో తడిగుడ్డ మీద పోసుకుని మేడమూ నేనూ కూర్చున్నాం. అరటినార లేదు, తెల్ల దారమే. నాలుగు మొగ్గలు, ఒక ఆకు, ముడి. నాలుగు మొగ్గలు, ఒక ఆకు, ముడి. ఈసారి మేడమ్ ముడులు కూడా జారలేదు.

బల్ల చిన్నది. దాని మీద పాత తెల్ల దుప్పటి పరిచాం. పూల కుండీలు పెట్టలేదు. గావా తాగే చిన్న చిన్న కప్పుల్లో నీళ్ళు పోసి, ఒక్కోదాంట్లో గుప్పెడు మొగ్గలు, ఒక రెమ్మ మష్మూమ్. నిమ్మచెట్టు నుంచి రెండు కొమ్మలు కోసి మధ్యలో పడుకోబెట్టాం. కుర్చీలో కూర్చుంటే ఎవరి మొహానికీ ఏదీ అడ్డం రాలేదు. పెద్దాయన తోటలో ఖర్జూరాలు ఒక పళ్ళెంలో పెట్టాం.

అసర్ దాటాక మొగ్గలు విచ్చడం మొదలుపెట్టాయి. యుమ్మా చెల్లెళ్ళు వచ్చి కూర్చున్నారు. ఆవిడ మాత్రం గదిలోంచి రాలేదు. ఎవరూ పిలవలేదు, పిలవవద్దని మేడమ్ సైగ చేసింది. వేడిగాలికి ఆ వాసన గదిలోకి వెళ్ళింది కాబోలు, కాసేపటికి తలుపు తెరుచుకుంది. స్నానం చేసి, లేత ఆకుపచ్చ గౌను వేసుకుని ఉంది. గడప దగ్గర నిలబడి బల్ల వంక చూసింది. తర్వాత వచ్చి కూర్చుని, ఒక కప్పు దగ్గరికి లాక్కుని, మొగ్గల మీదికి మొహం వంచింది. అలాగే ఏడ్చింది. చెల్లెళ్ళు కూడా ఏడ్చారు. ఎవరూ ఆవిణ్ణి ఊరుకోమనలేదు.

కాసేపటికి తేరుకుని, పెళ్ళైన కొత్తలో ఆయన తోట నుంచి వస్తూ తలగుడ్డ కొసలో రాజ్గీ మొగ్గలు ముడివేసి తెచ్చేవాడనీ, వాళ్ళమ్మ చూస్తుందని మొహమాటపడి గుమ్మం దగ్గరే ఆ ముడి విప్పి తన చేతిలో పోసేసి వెళ్ళిపోయేవాడనీ చెప్పింది. చెబుతుంటే నవ్వొచ్చింది ఆవిడకి. చెల్లెళ్ళకి కూడా ఏవేవో గుర్తొచ్చాయి. టీలు పోశాను. ఎవరూ థీమ్ గురించి మాట్లాడలేదు.

మేడమ్ ఒక దండ తీసుకుని అత్తగారి తలలో పెట్టింది. నేను ఖాళీ కప్పులు తీస్తుంటే యుమ్మా నా చెయ్యి పట్టుకుని, కూర్చో అంది. పళ్ళెం చేతిలో ఉందన్నాను. మేడమ్ లేచి ఆ పళ్ళెం నా చేతిలోంచి తీసుకుంది. నేల మీద యుమ్మా కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆవిడ నా జుట్టుముడి సవరించి, ఇంకో దండ తీసింది. ఏం చెయ్యబోతోందో నాకు తెలిసి చెయ్యి దానంతటది పైకి లేచింది. ఆవిడ ఆ చేతిని కిందికి దించింది.

"మీ ఊరివాళ్ళు చెప్పింది మీ ఊళ్ళో ఉండనీ," అంది. "ఇది నా ఇల్లు."

తలలో పెట్టుకుంటే పూలు బరువుగా ఉంటాయన్న సంగతి మరిచిపోయాను. మెడ మీద చల్లగా తగిలాయి. నాకు ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు.

సాయంత్రం పాపతో వీడియోలో మాట్లాడే వేళయింది. పూలు తీసెయ్యడం మరిచిపోయానంటే అబద్ధం. తీసెయ్యబుద్ధి కాలేదు. పాప వెంటనే చూసింది. అమ్మా, ఎంత బాగున్నావో అంది. దాని పక్కనుంచి మా అత్త మొహం వచ్చింది. చాలాసేపు చూసింది.

"ఎవరు పెట్టారే అమ్మాయ్?"

జరిగింది చెప్పాను. ఆవిడ ఫోను పాపకిచ్చి వెళ్ళిపోయింది. తర్వాత చాలా రోజులు నేను ఫోను చేసినప్పుడల్లా పొయ్యి మీద కూరుందనో, పక్కింటికి వెళ్ళాలనో తప్పుకునేది. ఆవిణ్ణి నేను తప్పుపట్టలేదు. కొడుకు పోయిన మనిషి. నా తలలో పూలు కనబడితే ఆవిడకి ఏం కనబడి ఉంటుందో నేను ఊహించగలను.

ఒక రోజు తనే ఫోను అందుకుంది.

"ఆ ముసలావిడ కూడా పెట్టుకుందా?"

"పెట్టుకుందత్తా."

"ఎన్నేళ్ళుంటాయి?"

"డెబ్బై దాటాయంట."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "మీ మామయ్య పోయినప్పుడు నాకు ఇరవయ్యారేళ్ళే. నన్నెవరూ అడగలేదే, నీకేం కావాలని," అంది. మళ్ళీ వెంటనే, తిన్నావా, ఏం కూర అని అడిగింది.

మొన్నటి వేసవిలో సెలవు మీద ఊరికి వెళ్ళాను. వెళ్ళిన మర్నాడు పొద్దున్నే అత్త పెరట్లో మల్లెమొగ్గలు కోసి, చాటలో తెచ్చి నా ముందు పెట్టింది. ఆవిడ మొగ్గలు జతలు చేసి అందిస్తుంటే నేను కట్టాను. పాప తలలో పెట్టాక ఇంకా మూరెడు మిగిలింది. దాన్ని నా వైపు జరిపింది. ఇంట్లో ఉన్నంతసేపూ పెట్టుకుంటానులే అత్తా, బయటికి వద్దు అన్నాను.

"బయటికి కూడా పెట్టుకెళ్ళు. ఎవరైనా అడిగితే మా అత్తనడగండని చెప్పు."

నీకు కూడా కొంచెం తుంచనా అని అడిగాను. నాకెందుకే ఇప్పుడు, జుట్టే లేదు అని కొట్టిపారేసింది. నేను బలవంతం చెయ్యలేదు.

ఆ రోజు ముగ్గురం కలిసి సంతకి వెళ్ళాం. కొందరు తేరిపార చూశారు. ఇద్దరు ముగ్గురు వెనక ఏదో అనుకోవడం వినబడింది. కూరలమ్మే ఆవిడ మాత్రం, సౌదీ నుంచి ఎప్పుడొచ్చావని అడిగి, వంకాయలు లేతవి ఏరి సంచిలో వేసింది. అత్త ఆవిడతో ధర తగ్గించమని చాలాసేపు వాదించింది. పాప ఎండగా ఉందని గోల పెడితే తాటిముంజెలు కొనుక్కుని, నీడ చూసుకుంటూ ఇంటికి నడిచాం.